క్లేర్ కౌంటీలో పలకరింపు

పెగ్గీ పోయిందని, అంత్యక్రియలు కూడా అయ్యాయని వాళ్ళమ్మాయి మిషిగన్ నుంచి ఫోన్ చేసేసరికి నేను ఎక్కడో దక్షిణాన కాపెల్‌లో మా వంటింట్లో గోంగూర ఆకు తుంచుకుంటున్నాను. అమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని టీవీలో వంటల కార్యక్రమం చూస్తూ, వండేవాళ్ళ తప్పులు తనలో తను సరిదిద్దుతోంది. అమ్మకి ఎనభై దాటాయి. కారు నడపడం మానేశాక మిషిగన్‌లో, ట్రాయ్ ఊళ్ళో ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చింది. పెగ్గీ, అమ్మ చాలా ఏళ్ళు ఒకే క్లినిక్‌లో పనిచేశారు. ముందు డెస్క్‌లో పెగ్గీ, వెనక ల్యాబ్‌లో అమ్మ. ఈ కబురు ఎలా చెప్పాలా అనుకుంటూ చేతులు కడుక్కుని, తుడుచుకుని, పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ టీవీ ఆపింది. చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. తర్వాత, "ఎవరెవరు వచ్చారట?" అంది. చెప్పాను. "పాటలు పాడారా?" పాడారని చెప్పాను. "పెగ్గీ గురించి ఎవరేం చెప్పారో కనుక్కున్నావా?" కనుక్కోలేదు. "మళ్ళీ ఫోన్ చెయ్యి," అంది అమ్మ. "ఆ పిల్లకి చెప్పుకోవాలని ఉంటుంది."

చావు కబురు విన్నాక ఇలాంటివి అడగడం మా అమ్మ కాకినాడలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు కాదు. ట్రాయ్‌లో మా తెలుగువాళ్ళ దగ్గర నేర్చుకున్నదీ కాదు. నేను హైస్కూల్లో చేరబోతున్న వేసవిలో, ఒక ఐరిష్ బ్యాండ్ వెంట బస్సులో తిరిగిన అభిమానుల గుంపులో మేమిద్దరం కూడా ఉన్నాం. అప్పుడు నేర్చుకుంది. ఆ ప్రయాణం గురించి నేను ఎప్పుడూ రాయలేదు. అడిగినవాళ్ళకి ఐర్లండ్ చూశాం, బాగా వాన పడింది అని చెప్పి ఊరుకునేదాన్ని.

దానికి ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా నాన్న పేరు మురళీధర్. డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో ఇంజనీరు. కార్లలో రాకూడని శబ్దాలు ఎక్కణ్ణించి వస్తున్నాయో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. అందరి నాన్నలూ ఆఫీసు బయట ఉద్యోగం మర్చిపోయేవాళ్ళేమో గాని, మా నాన్నకి చెవులు మూసుకోవడం చేతకాలేదు. పొద్దున్నే ఫిల్టర్‌లో కాఫీ దిగుతూ ఉంటే ఫ్రిజ్‌కి చెవి ఆనించి నిలబడేవారు. బట్టల మిషన్ తిరుగుతుంటే బేస్‌మెంట్‌లోకి దిగి దాని మీద అరచెయ్యి పెట్టి చూసేవారు. మా ఇంట్లో తలుపులు కిర్రుమనేవి కావు. ఏ మూల చూసినా నూనె డబ్బా ఉండేది. ఆ నూనె వాసన, అమ్మ పోపు వాసన, శీతాకాలంలో హీటర్ వేసినప్పుడు గొట్టాల్లోంచి వచ్చే వేడి దుమ్ము వాసన, ఈ మూడూ కలిస్తే నాకు మా ఇల్లు. కారులో మాత్రం రేడియో పెట్టనిచ్చేవారు కాదు. "కారు మాట్లాడుతుంటే మధ్యలో ఈ గోలెందుకు?" అనేవారు. అందువల్ల మేము ముగ్గురం ఎక్కడికి వెళ్ళినా మాటలు తక్కువగా, కారు చప్పుడు వింటూ వెళ్ళేవాళ్ళం.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక శీతాకాలం పొద్దున, ఆఫీసు పార్కింగ్‌లో కారు దిగుతూ నాన్న కూలిపోయారు. గుండెపోటు. తర్వాత జరిగినవేవీ నేను చూడలేదు. ప్రసాద్ అంకుల్ అని నాన్న స్నేహితుడు, అదే కంపెనీ ఇంజనీరు, నన్ను స్కూల్ నుంచి నేరుగా వాళ్ళింటికి తీసుకుపోయాడు. అక్కడ వాళ్ళ పిల్లలతో కలిసి కార్టూన్లు చూశాను, పిజ్జా తిన్నాను, అక్కడే పడుకున్నాను. ఫ్యునరల్ హోమ్‌లో పెద్దవాళ్ళే మాకు కేటాయించిన సమయంలోపల మంత్రాలు చదివించి, పూలు వేసి, పని ముగించుకొచ్చారు. తర్వాతి బృందం బయట ఎదురుచూస్తోందని తొందరపెట్టారట. నన్ను ఇంటికి తెచ్చేసరికి గుమ్మం దగ్గర నాన్న బూట్లు లేవు. బాత్‌రూమ్‌లో షేవింగ్ బ్రష్ లేదు. నూనె డబ్బాలు లేవు. అమ్మ చూస్తే తట్టుకోలేదని ప్రసాద్ అంకుల్ భార్య వసుంధర ఆంటీ అన్నీ సర్దేసింది. ఆమె ఎంతో ప్రేమతోనే ఆ పని చేసింది. వాళ్ళందరూ మంచివాళ్ళే. కొన్ని వారాలపాటు ఒక్క పూట కూడా మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు.

ఆ మంచితనంలోనే ఇంకొకటి జరిగింది. మా నాన్న పేరు వినిపించడం ఆగిపోయింది. వచ్చినవాళ్ళు చదువుల గురించి, మంచు గురించి, ఇండియా టికెట్ల గురించి మాట్లాడేవాళ్ళు. ఎవరైనా పొరపాటున "మురళి ఉండుంటే" అని మొదలుపెడితే పక్కవాళ్ళు కళ్ళతోనే ఆపేసేవాళ్ళు. "అమ్మ దగ్గర ఆ మాట ఎత్తకమ్మా, బాధపడుతుంది," అని వసుంధర ఆంటీ నాకు చెప్పింది. నేను ఎత్తలేదు. అమ్మా ఎత్తలేదు. దాదాపు మూడేళ్ళు అలా గడిచిపోయాయి. వ్రతాలకి పేరంటాలకి మమ్మల్ని పిలవడం మానలేదు గాని, తాంబూలాలు ఇవ్వడం అయ్యాక, భోజనాల వేళకి రమ్మనేవాళ్ళు. అమ్మ అది గమనించిందనే నేను అనుకుంటున్నాను. ఒక్కోసారి వెళ్ళేది, ఒక్కోసారి తలనొప్పి అనేది.

ఐరిష్ పాటలు మా ఇంట్లోకి వచ్చింది కారు ద్వారానే. నాన్న పోయాక అమ్మ డ్రైవింగ్ నేర్చుకుంది. ఆ కారులో నిశ్శబ్దంగా కూర్చుని నడపడం తన వల్ల కావడంలేదని క్లినిక్‌లో పెగ్గీతో అందట. పెగ్గీ తన బ్యాగ్‌లోంచి ఒక క్యాసెట్ తీసి ఇచ్చింది. ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ముల బ్యాండ్ అది. పెద్దవాడు డెక్లన్ పాడతాడు, చిన్నవాడు షేన్ ఫిడేలు వాయిస్తాడు. ఏటా చలికాలంలో మిషిగన్, ఒహాయోలలో చిన్నచిన్న హాళ్ళలో కచేరీలు చేసేవాళ్ళు. ఆ క్యాసెట్ మా కారులో అరిగిపోయింది. అమ్మకి మాటలన్నీ నోటికొచ్చేశాయి. కచేరీలకి పెగ్గీతో వెళ్ళడం మొదలుపెట్టింది. క్లినిక్‌కి ప్యాంటు, షర్టు వేసుకునే మనిషి, కచేరీకి మాత్రం జరీ అంచు చీర కట్టి, పైన చలికోటు వేసుకునేది. ముందు వరసలో కూర్చునేది. డెక్లన్ ఆమె పేరు రెండుసార్లు అడిగి, మూడోసారి "సుగుణా" అని సరిగ్గా పిలిచాడు. క్లినిక్‌లో డాక్టరు ఎన్నేళ్ళయినా "సగూనా" అనే అనేవాడు.

మా తెలుగువాళ్ళకి ఇది మింగుడుపడలేదు. "ఐరిష్ బ్యాండ్ ఏంటి సుగుణా? శనివారం మన భజనకి రావచ్చుగా," అన్నారు. నాకూ సిగ్గుగానే ఉండేది. ఆ వయసులో అమ్మ ఏం చేసినా సిగ్గే. అందులోనూ ఆ బ్యాండ్ ప్రతి వేసవిలో తమ అభిమానుల్ని ఐర్లండ్ తీసుకువెళ్ళి, బస్సులో ఊరూరా తిప్పి, సాయంత్రాలు హోటళ్ళలో వాళ్ళకోసం పాడుతుందని తెలిసినప్పుడు, అమ్మ నన్నడక్కుండానే ఇద్దరికీ బుక్ చేసింది. వేరే రాష్ట్రంలో, ఫ్రీమాంట్‌లో ఉన్న మా మామయ్య, అంటే అమ్మ అన్నయ్య, ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ట్రాయ్‌లో ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమని ఏడాదిగా పట్టుబడుతున్నాడు. ఆ వేసవి అయిపోయేలోపల మారిపోవాలని దాదాపు ఖాయం చేశాడు. నా స్కూల్ కూడా చూసిపెట్టాడు. "ఈ టూర్ ఏంటమ్మా ఇప్పుడు? ప్యాకింగ్ స్టార్ట్ చెయ్యాలి కదా," అన్నాడు. "వెళ్ళొచ్చాక చెప్తాను అన్నయ్యా," అంది అమ్మ. ఏం చెబుతుందో ఆమెకీ తెలియదని నాకు అర్థమైంది.

షానన్ విమానాశ్రయంలో దిగితే వాన. బస్సులో ఎక్కువమంది రిటైరైన అమెరికన్లు. ఒహాయో టీచర్లు, షికాగో నుంచి ఒక ఫైర్‌మన్, అతని భార్య, అందరూ ఒకే ఆకుపచ్చ టీషర్టులు. వాళ్ళ ముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో చెప్పుకుంటూ, కిటికీలోంచి కనబడ్డ ప్రతి రాళ్ళగోడనీ ఫొటో తీసేవాళ్ళు. డ్రైవరు, బ్యాండు తప్ప బస్సులో అందరమూ ఐర్లండ్‌లో పుట్టనివాళ్ళమే అయినా, ఏ ముత్తాతా లేకుండా వచ్చింది మాత్రం మేమిద్దరమే. ఎవరైనా మా సంబంధం ఏమిటని అడిగితే మాతో వచ్చిన పెగ్గీ మా బదులు జవాబు చెప్పేది: "వాళ్ళకి పాటలు నచ్చాయి. అది చాలదా?" పగలు బస్సు, సాయంత్రం హోటల్ హాల్లో కచేరీ. అమ్మ చీర మీద రెయిన్‌కోటు వేసుకుని, చేతిసంచిలో నిమ్మకాయ ఊరగాయ సీసా పెట్టుకుని, ఉడికించిన బంగాళాదుంపల్ని ఏ మాత్రం ఫిర్యాదు లేకుండా తినేది. నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. నేను చూడాలనుకున్నవి సముద్రపు కొండచరియలు ఒక్కటే. బ్రోషర్ అట్ట మీద బొమ్మ అదే.

కొండచరియలకి వెళ్ళాల్సిన రోజు పొద్దున టిఫిన్ గదిలోకి డెక్లన్ ఒక్కడే వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో గిటారు లేకుండా అతన్ని చూడడం మాకు అదే మొదలు. బల్లల మధ్య నిలబడి, ఎక్కువ సాగదియ్యకుండా చెప్పాడు. తెల్లవారుజామున వాళ్ళమ్మ పోయింది. చాలాకాలంగా మంచంలోనే ఉంది, బాధపడలేదు. తనూ షేనూ ఇంటికి వెళ్తున్నారు. ఊరు దగ్గరే. బస్సు మమ్మల్ని కొండచరియలకి తీసుకువెళుతుంది, మిగతా సాయంత్రాలకి వేరే పాటగాళ్ళని ఏర్పాటు చేశారు. ఇంత చెప్పి, వెళ్ళబోతూ ఆగాడు. "రేపు మధ్యాహ్నం నుంచి ఇంటి తలుపు తీసే ఉంటుంది. రావాలనుకున్నవాళ్ళు రండి. మా అమ్మకి జనం అంటే ఇష్టం," అన్నాడు.

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. కుటుంబం విషయంలో మనం దూరకూడదని కొందరు, పిలిచాడు కాబట్టి వెళ్ళాలని కొందరు. కొండచరియల ప్రయాణం వాన వల్ల మర్నాటికి వాయిదా వేశారు. దాంతో రెండూ ఒకే రోజుకి వచ్చిపడ్డాయి. సగానికి పైగా కొండచరియలకే పేరిచ్చారు. నేనూ అటే చేయి ఎత్తాను. అమ్మ నా చేయి కిందికి దించింది.

"మనం వాళ్ళింటికి వెళ్తున్నాం," అంది తెలుగులో.

"వై, అమ్మా? వాళ్ళమ్మ మనకి తెలీదు కదా. ఇట్స్ సో వియర్డ్."

"తెలియకపోతే ఏం? ఆ అబ్బాయి మనకి తెలుసు. ఇంత దగ్గర ఉండి పలకరించకుండా ఎలా పోతాం?"

పలకరింపు అన్న మాటకి అర్థం నాకు అప్పుడు సరిగా తెలియదు. హలో చెప్పడం అనుకున్నాను. చావు జరిగిన ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుని రావడాన్ని కూడా అలాగే అంటారని, కొండచరియలకి వెళ్తూ మమ్మల్ని దారిలో దింపిన బస్సులో అమ్మ చెప్పింది. వెళ్ళాక ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కూడా చెప్పింది. ఎక్కువ మాట్లాడకూడదు. అక్కడేమీ తినకూడదు, తాగకూడదు. వచ్చేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదు, లేచి వచ్చెయ్యడమే. హోటల్‌కి రాగానే తలస్నానం. "అక్కడ ఏడుపులు ఉంటాయి. భయపడకు," అంది. కాని భయపడుతున్నది తనే. రెయిన్‌కోటు బొత్తాలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టుకుంది.

ఇల్లు చిన్నది. ముందు పచ్చిక, వెనక ఆవుల కొట్టం. సందు చివర దాకా జనం వరసకట్టి నిలబడ్డారు. ఏడుపులు వినబడలేదు. లోపల్నుంచి వినబడుతున్నవి కప్పుల చప్పుడు, మాటలు, మధ్యమధ్య నవ్వు. గుమ్మంలో డెక్లన్, షేన్ నల్లకోట్లు వేసుకుని నిలబడి వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుంటున్నారు. డెక్లన్ మమ్మల్ని చూసి, "సుగుణా, మీరు వస్తారనుకున్నాను," అన్నాడు. తడికోట్ల వాసన, పొయ్యిలో పీట్ అని మట్టిగడ్డల్లాంటివి కాలుతున్న పొగ వాసన, కాచిన టీ వాసన కలిసి ఆ ఇంట్లో గాలి బరువుగా ఉంది. ముందుగదిలో పెట్టె. మూత లేదు. అందులో ఒక ముసలావిడ, నీలం గౌనులో, చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉంది.

నేను చచ్చిపోయిన మనిషిని చూడడం అదే మొదలు. పక్కకి తిరిగి అమ్మ కోటులో మొహం దాచుకుందామనుకున్నాను. అంతలో ఆ ముసలావిడ మనవరాలు, ఐదారేళ్ళ పిల్ల, చేతిలో బిస్కెట్ పట్టుకునే పెట్టె దగ్గరికి వచ్చింది. ఖాళీగా ఉన్న చేత్తో నాన్నమ్మ తల మీద జుట్టు సర్ది, "చల్లగా ఉంది," అని నాతో చెప్పి, బిస్కెట్ తింటూ వెళ్ళిపోయింది. ఎవరూ ఆ పిల్లని అక్కణ్ణించి తీసుకుపోలేదు. ఎవరూ కార్టూన్లు పెట్టి కూర్చోబెట్టలేదు. నాకు ఏడుపు రాలేదు. ఆ పిల్ల మీద కోపం వచ్చింది. అది కోపం కాదని, అసూయ అని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అమ్మ పెట్టె ముందు నిలబడి దణ్ణం పెట్టింది. కాసేపు గోడవార కుర్చీలో కూర్చుంది. ఇక చాలనుకుందేమో, ఎవరికీ చెప్పకుండా లేచి నా చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. వంటింటి తలుపు దాటుతుంటే వెనక నుంచి ఒకావిడ అమ్మ మోచెయ్యి పట్టుకుంది. పోయినావిడ చెల్లెలు, పేరు బ్రైడీ. పొట్టిమనిషి, ఏప్రన్ నిండా పిండి. "టీ తాగకుండా, చెప్పకుండా పోతున్నారా? మా అక్క ఊరుకోదు," అంది. అమ్మ ఏదో అనబోయింది. బ్రైడీ వినలేదు. వంటింట్లో అప్పటికే రొట్టెముక్కలకి వెన్న రాస్తున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. మా ముందు టీ కప్పులు వచ్చాయి. నేను అమ్మ వైపు చూసి, "తాగకూడదు కదా?" అన్నాను తెలుగులో. అమ్మ కప్పు వైపు కాసేపు చూసింది. "తాగు," అంది.

బ్రైడీ అమ్మ ఎదురుగా కూర్చుంది. "మీ ఆయన కూడా టూర్‌కి వచ్చాడా?" అని అడిగింది.

"లేదు. ఆయన పోయారు. మూడేళ్ళు కావస్తోంది," అంది అమ్మ.

ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. ఎదుటివాళ్ళు అయ్యో అంటారు. తల దించుకుంటారు. ఆ పైన వాతావరణం గురించి మాట్లాడతారు. నేను ఎదురుచూశాను. బ్రైడీ తల దించుకోలేదు. కుర్చీ ముందుకి లాక్కుని, మోచేతులు బల్ల మీద ఆనించి, ఊళ్ళో కొత్తగా దిగిన మనిషి గురించి అడిగినంత మామూలుగా అడిగింది.

"ఎలాంటి మనిషి?"

 అమ్మ కప్పు ఎత్తి మళ్ళీ దించింది. ఆ వంటింట్లో ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ మాట మార్చలేదు. వెన్న రాసే కత్తుల చప్పుడు మాత్రం ఆగలేదు. చివరికి అమ్మ, "ఆయన శబ్దాలు వినే మనిషి," అంది ఇంగ్లీషులో.

తర్వాత చెప్పిన కథ నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. పెళ్ళయి అమ్మ కొత్తగా మిషిగన్ వచ్చిన రోజుల్లో నాన్న మొదటి కారు కొన్నారు. వారం తిరక్కుండానే అందులో గలగలమని సన్నటి చప్పుడు రావడం మొదలైంది. ఆఫీసుకి ఒక్కరే వెళ్తే రాదు. సాయంత్రం అమ్మతో షికారు వెళ్తే వస్తుంది. నాన్న సీటు విప్పారు. డ్యాష్‌బోర్డు విప్పారు. తలుపు లోపలి అట్టలు విప్పారు. గరాజ్ నిండా మరలు. బరువు వల్ల వస్తోందేమోనని అమ్మ బరువుకి సరిపడా బియ్యం బస్తాలు పక్కసీటులో పెట్టి నడిపి చూశారు. రాలేదు. మనిషికే వస్తోంది, బస్తాకి రావడంలేదు, ఇదేం వింత అని తల పట్టుకున్నారు. అప్పటికి ఆయనతో ధైర్యంగా మాట్లాడడం కూడా అలవాటు కాని అమ్మ, ఒకరోజు కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, చెయ్యెత్తి మెల్లగా ఊపింది. అమ్మ చేతికి డజను మట్టిగాజులు.

ముందు బ్రైడీ నవ్వింది. తర్వాత వంటిల్లంతా నవ్వింది. వెన్న రాసేవాళ్ళు కత్తులు కింద పెట్టి నవ్వారు. "దేశంలోకెల్లా గొప్ప చెవులున్న ఇంజనీరు!" అని బ్రైడీ కళ్ళు తుడుచుకుంది. లేచి ముందుగదిలోకి తొంగిచూసి, ఒక ముసలాయన్ని పిలిచి, "ఈమె భర్త గాజుల కథ వినాలి నువ్వు," అంది. అమ్మ మళ్ళీ చెప్పింది. ఇంకెవరో వచ్చారు, మళ్ళీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం బాగుపడింది. మూడోసారికి బియ్యం బస్తాకి సీటు బెల్టు కూడా పెట్టారు నాన్న. అమ్మ నవ్వుతోంది, మధ్యమధ్య కళ్ళనీళ్ళు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవడానికి కథ ఆపడంలేదు. బ్రైడీ ఆ కన్నీళ్ళు చూసి కంగారుపడలేదు. చేతిగుడ్డ అందించి, "ఊఁ, తర్వాత?" అంది.

మేము ఆ ఇంట్లో పొద్దుగుంకేదాకా ఉన్నాం. మధ్యలో అన్నదమ్ములిద్దరూ తల్లి దగ్గర కూర్చుని ఒక పాట పాడారు. మేము క్యాసెట్‌లో వినని పాట. షేన్ ఫిడేలు రెండుచోట్ల తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. బయల్దేరేటప్పుడు అమ్మ బ్రైడీ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని, ఇంగ్లీషులో "వెళ్ళొస్తాం" అని చెప్పింది.

తిరుగుబస్సులో నా కోపం బయటపడింది. కొండచరియలు చూడలేదన్న కోపంగా మొదలుపెట్టాను గాని, రెండు మాటలకే అసలు సంగతికి వచ్చేశాను.

"వాళ్ళకి చెప్పావు. నాకు ఎందుకు చెప్పలేదు? నాట్ ఈవెన్ వన్స్!"

"నువ్వు అడగలేదుగా," అంది అమ్మ.

"అడగొద్దన్నారు కదా అందరూ. అడిగితే నువ్వు బాధపడతావని చెప్పింది వసుంధర ఆంటీ."

అమ్మ నా వైపు తిరిగింది. బస్సు అద్దాల మీద వాన కొడుతోంది. "నాకూ అదే చెప్పింది," అంది. "నీ గురించి."

 అమ్మ నా తల తన భుజం మీదికి లాక్కుంది. రెయిన్‌కోటుకి ఇంకా ఆ పొగ వాసనే ఉంది. హోటల్‌కి వెళ్ళాక ఎవరం తలస్నానం చెయ్యలేదు. మర్నాడు అంత్యక్రియల్లో ఊరివాళ్ళ వెనక మా ఆకుపచ్చ టీషర్టుల గుంపు కూడా నడిచింది. పాపం, కొందరికి వేరే బట్టలు లేవు. టూర్ మిగతా సాయంత్రాల్లో వచ్చిన కొత్త పాటగాళ్ళు బాగానే పాడారు. అమ్మ వినేది, చప్పట్లు కొట్టేది. ముందు వరసలో కూర్చోలేదు.

ఇవన్నీ జరిగి చాలాకాలమైంది. ఇప్పుడు కాపెల్‌లో మా తెలుగువాళ్ళు వందల కుటుంబాలు. ఎవరైనా పోతే గంటలోపల వాట్సాప్ గ్రూపులో తెలుస్తుంది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి. ఏ ఇంటి నుంచి ఏ పూట భోజనం వెళ్ళాలో ఆన్‌లైన్‌లో పంచుకుంటాం. రాలేనివాళ్ళకోసం కర్మకాండ లైవ్‌లో చూపిస్తారు. వీసా కాగితాలు, ఇన్సూరెన్స్ సంగతులు చూసిపెట్టడానికి తెలిసినవాళ్ళు ముందుకొస్తారు. ట్రాయ్‌లో మా అమ్మకి ఇందులో సగం సదుపాయం కూడా లేదు. మనుషుల మంచితనం అప్పటికంటే తగ్గిందని నేను అనను, పద్ధతిగా తయారైంది. పిల్లల్ని మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరి ఇంటికి పంపించేస్తాం. ఇప్పుడు కార్టూన్ల బదులు ఐప్యాడ్. ఐర్లండ్ వాళ్ళు మనకంటే గొప్పవాళ్ళని చెప్పడానికి ఇది రాయడంలేదు. మన ఊళ్ళలో కూడా పోయినవాళ్ళ గురించి అరుగుల మీద కూర్చుని రోజుల తరబడి చెప్పుకునేవాళ్ళు ఉండేవాళ్ళనీ, అవన్నీ సముద్రం దాటేటప్పుడు సామాన్లలో పట్టక వదిలేసి వచ్చామనీ అమ్మ అంటుంది. కావచ్చు. నేను చూడలేదు. నేను చూసింది క్లేర్ కౌంటీలో ఆ వంటిల్లే.

తిరిగొచ్చిన ఆదివారం మామయ్య ఫోన్ చేశాడు. అమ్మ మెట్ల మీద కూర్చుని మాట్లాడింది. రావడంలేదని చెప్పింది. మామయ్య గొంతు నాకు దూరం నుంచే వినబడింది. స్కూల్ సంగతేమిటి, ఒక్కదానివీ ఆ మంచులో ఎలా ఉంటావు, నలుగురూ ఏమంటారు. అమ్మ అన్నీ విని, "అది కాదన్నయ్యా," అంది. "ఇక్కడ ఆయన్ని ఎరిగినవాళ్ళున్నారు. అక్కడ నువ్వు తప్ప ఆయనెవరో ఎవరికీ తెలీదు."  తర్వాత మామయ్య, "సరే, నీ ఇష్టం," అన్నాడు. కోపంగా అనలేదు.

ఆ పై వారమే అమ్మ ప్రసాద్ అంకుల్‌నీ, వసుంధర ఆంటీనీ భోజనానికి పిలిచింది. మూడేళ్ళలో మా ఇంట్లో వేరేవాళ్ళకి విస్తరి వేయడం అదే మొదలు. అమ్మ పొద్దున్నించీ వంటింట్లోనే ఉంది. వంకాయ కూర, ముక్కల పులుసు, పెరుగావడలు. అంకుల్ ఎప్పట్లాగే ఆఫీసు సంగతులు, ఆంటీ ఐర్లండ్ వాతావరణం సంగతులు మాట్లాడుతున్నారు. అమ్మ పులుసు వడ్డిస్తూ, గరిటె ఆపకుండా, "మురళికి ముక్కల పులుసు అస్సలు పడేది కాదు. నాకోసం తినేవారు," అంది.

ఆంటీ చెయ్యి కంచంలో ఆగిపోయింది. భర్త వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తల దించుకోలేదు. ప్రసాద్ అంకుల్ ముద్ద నోట్లో పెట్టుకున్నవాడు నమలడం మర్చిపోయి కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దం ఇంకొంచెం సాగివుంటే మళ్ళీ అన్నీ మొదటికే వచ్చేవేమో. అంకుల్ ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, "తినేవాడు కాదండీ, సుగుణగారూ," అన్నాడు.  "మధ్యాహ్నం బాక్స్ నాకిచ్చేసి నా బాక్స్ వాడు తినేవాడు. ఎన్నేళ్ళు తిన్నానో మీ పులుసు."

"ఆయనా?" అంది అమ్మ.

"వాడే! మీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు." అంకుల్ మొహంలోకి రక్తం వచ్చింది. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అదేం చూశారు, మొదటి వింటర్‌లో వాకిట్లో మంచు కరిగిద్దామని మరిగే నీళ్ళు తెచ్చి పోశాడు గుర్తుందా? అది కాస్తా గడ్డకట్టి అద్దంలా అయింది. పోస్ట్‌మన్ మెయిల్‌బాక్స్ దగ్గర మొదలై మా కారు కిందికి వెళ్ళి ఆగాడు!" జారడం ఎలా జరిగిందో చూపించడానికి లేచి నిలబడ్డాడు. ఆంటీ ఎంగిలిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడుస్తోంది. అమ్మ గరిటె పట్టుకునే కుర్చీలో కూలబడింది.

నేను నాన్న గురించి నా జీవితంలో మొదటి ప్రశ్న అప్పుడు అడిగాను. "అప్పటికి నేను పుట్టానా?"

ముగ్గురూ నావైపు తిరిగి, ఒకేసారి జవాబు చెప్పడం మొదలుపెట్టారు.